తీసుకెళ్లని నల్లకోటు

"మేడమ్, ఈ పిల్లలకి చట్టం చెప్పేది మీరేనా?"

తలుపు దగ్గర నిలబడ్డ మనిషి తల మీంచి వాన నీళ్లు కారుతున్నాయి. చేతిలో ఒక కాగితం ఉంది. దాని వెనక గోడ సున్నం పెచ్చు కూడా ఊడొచ్చింది.

ఆమె సుద్దముక్క బోర్డు మీదే ఆగిపోయింది. భోజనాల తర్వాత పీరియడ్ అది. పైన ఫ్యాను తిరుగుతున్నట్టే ఉంది కానీ గాలి మాత్రం రావడం లేదు. పన్నెండో తరగతి కామర్స్ పిల్లల్లో సగంమంది కళ్లు మూసుకుని, మిగతా సగం కళ్లు తెరుచుకుని నిద్రపోతున్నారు. వ్యాపార చట్టం పాఠానికి ఇది మామూలే. చెప్పేవాళ్లకి నిద్ర రాకపోవడమే గొప్ప అనిపిస్తుంది ఆమెకి.

"నేనే. మీరెవరు?"

"ముద్దాయిని," అన్నాడతను.

క్లాసు మొత్తం ఒక్కసారిగా నిద్రలేచింది.

"మీ పిల్లలు నా షాపు బోర్డు కింద ఇది అంటించారు. చదవమంటారా?" అడిగి, జవాబు కోసం ఆగకుండా చదివేశాడు. "'పై బోర్డు చట్టప్రకారం చెల్లదు. బట్టలు ఇచ్చినవారు కంగారు పడనక్కర్లేదు. ఇట్లు, పన్నెండో తరగతి కామర్స్.' పొద్దున్నించి వచ్చినవాళ్లందరూ ఇది చదువుకుని, హాయిగా నవ్వుకుని, బట్టలు తీసుకోకుండా వెళ్లిపోతున్నారు. నేనేమో షాపు ఖాళీ చెయ్యాలి!"

"అబ్జెక్షన్, మేడమ్!"

మొదటి బెంచీలో ఒకమ్మాయి లేచింది. ఆ అమ్మాయికి తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పట్టీలో ఉంటుంది. మిగతా స్కూలంతా మాత్రం 'అబ్జెక్షన్' అనే పిలుస్తుంది.

"ఆయన బోర్డు మీద ఏముందో అది కూడా చదవమనండి మేడమ్. 'ఈ నెలాఖరులోగా తీసుకెళ్లని బట్టలకు మా బాధ్యత లేదు' అని రాశారు. షరతు ఏదైనా ఉంటే బట్టలు తీసుకునేటప్పుడే చెప్పాలి. తీసేసుకున్నాక తీరిగ్గా గోడకి బోర్డు కొడితే చెల్లదు. మీరే కదా మేడమ్ చెప్పారు?"

చెప్పింది నిజమే. విన్నారని ఇప్పుడే తెలిసింది.

"చెల్లదని తెలిస్తే పరీక్షలో రాయాలి. ఊరి గోడల మీద కాదు," అంది ఆమె. "తప్పే. మా వాళ్లు వచ్చి గోడ శుభ్రం చేస్తారు. ఏ లాండ్రీ మీది?"

"పాత వంతెన పక్క వీధి. మలుపులో, నీలం తలుపులు."

ఆమె చేతిలో సుద్దముక్క జారి కిందపడింది. వంగి తీసుకోవడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది.

ఆ వీధిలోకి ఆమె వెళ్లదు. స్కూలు నుంచి ఇంటికి అదే దగ్గరిదారి. అయినా చుట్టూ తిరిగి, కూరగాయల మార్కెట్ మీదుగా బురదలో నడిచి వెళ్తుంది. అన్నయ్య పోయినప్పట్నుంచీ అంతే.

ఈ పాఠం అప్పట్లో అన్నయ్యదే. 'లా సార్' అంటే జిల్లా అంతా తెలిసేంత పేరేమీ కాదు కానీ, ఈ స్కూల్లో మాత్రం పెద్ద పేరే. ప్రతి సంవత్సరం వానాకాలంలో క్లాసులోనే కోర్టు పెట్టేవాడు. పిల్లలే లాయర్లు, పిల్లలే సాక్షులు. తను నల్లకోటు వేసుకుని జడ్జి. ఆఖరిసారి కోర్టుకి వారం ముందు ఆ కోటుని వంతెన పక్క లాండ్రీలో ఇచ్చాడు. "రేపు తెచ్చుకుంటా" అన్నాడు. ఆ రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయింది.

కోటు లాండ్రీలోనే ఉండిపోయింది. అన్నయ్య పాఠం చెల్లెలికి వచ్చింది. కోర్టు మాత్రం మళ్లీ ఎవరూ పెట్టలేదు.

"అయితే ఇంకేం మేడమ్, కేసు దొరికింది!" అంది అబ్జెక్షన్. "కోర్టు పెడదాం. లా సార్ ఉన్నప్పుడు పెట్టేవారట కదా. మా అక్క చెప్పింది."

క్లాసులో గాలి మారిపోయింది. పక్కనున్న పిల్ల అబ్జెక్షన్ జడ పట్టుకుని లాగింది. ఆ పేరు మేడమ్ ముందు ఎత్తకూడదని అందరికీ తెలుసు, ఎవరూ చెప్పకుండానే.

"కోర్టూ లేదు, ఏమీ లేదు. పుస్తకాలు తియ్యండి."

"నాకైతే అభ్యంతరం లేదు," అన్నాడు లాండ్రీ అతను మెల్లగా. ఇందాకటి కోపం గొంతులో లేదు. "కాకపోతే ఈ నెలలోనే పెట్టుకోవాలి. నెలాఖరుకి షాపు మూసేసి మా బావ దగ్గరికి వెళ్లిపోతున్నాను. ఆయనకి వేరే ఊళ్లో హోటల్ ఉంది. అందులో లాండ్రీ చూసుకోమంటున్నాడు. తర్వాత మీకు ముద్దాయి దొరకడు."

షాపు మూసేస్తున్నాడు. మరి లోపల ఉన్నవి?

ఆమె కిటికీలోంచి వానని చూసింది. అలసటగా ఉంది. వద్దని వాదించడానికి కూడా ఓపిక కావాలి.

"శనివారం," అంది. "ఆఖరి పీరియడ్."

పిల్లలు బల్లలు బాదిన చప్పుడుకి పక్క క్లాసు లెక్కల మాస్టారు వచ్చి చూసి వెళ్లాడు.

*

మర్నాడు సాయంత్రం స్కూలు వరండాలో అతను మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. ఈసారి గొడుగు తెచ్చుకున్నాడు.

"నా తరఫు లాయరుగా ఒక కుర్రాణ్ణి ఇచ్చారు మేడమ్. వాడి పేరు 'వాయిదా' అట."

"హోంవర్కు ఎప్పుడడిగినా రేపంటాడు. అందుకని."

"నా కేసు గురించి అడిగితే కూడా రేపన్నాడు. ఉరిశిక్ష పడేలా ఉంది. అందుకే మీ దగ్గరే నాలుగు ముక్కలు నేర్చుకుందామని వచ్చాను."

"నేను జడ్జిని. ముద్దాయికి ట్యూషన్ చెప్పకూడదు."

"టీచరుగా చెప్పండి. జడ్జిగారికి నేను చెప్పనులెండి."

నవ్వు రావాల్సిన మాటే. వచ్చే దారి మర్చిపోయినట్టుంది ఆమెకి. దిద్దాల్సిన పేపర్ల కట్ట చంకలో సర్దుకుని, స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"మన వస్తువు ఒక పని కోసం ఇంకొకరికి అప్పగిస్తాం. ఆ పని అయిపోగానే తిరిగి ఇచ్చెయ్యాలన్నది ఒప్పందం. దాన్ని బెయిల్‌మెంట్ అంటారు. బట్టలు లాండ్రీకి ఇవ్వడం, గడియారం బాగుచెయ్యడానికి ఇవ్వడం, అన్నీ అదే. తీసుకున్నవాళ్లు ఆ వస్తువుని తమ సొంతదైతే ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో అంత జాగ్రత్తగా చూడాలి."

"ఎన్నాళ్లు?"

"యజమాని వచ్చి తీసుకెళ్లేదాకా."

"రాకపోతే?"

"సహేతుకమైన కాలం ఆగాలి."

"అంటే ఎంత?"

"అది సందర్భాన్ని బట్టి ఉంటుంది."

"ఆ సందర్భం ఏంటో నాకెవరు చెప్తారు మేడమ్?" అన్నాడతను. వరండా చూరు నుంచి కారుతున్న నీటిధార వైపు చూస్తూ అన్నాడు. ఆమె వైపు చూడలేదు. "యజమాని వీధి చివరిదాకా వచ్చి, మలుపు దగ్గర కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి వెళ్లిపోతే... దాన్ని వచ్చినట్టు లెక్కెయ్యాలా, రానట్టా?"



అలా రెండుసార్లు జరిగింది. పోయిన ఏడాది ఒకసారి, ఈ ఎండాకాలంలో ఒకసారి. ఎవరూ చూడలేదనుకుంది.

"బెల్లు కొట్టారు. వెళ్లాలి," అంది.

బెల్లు ఎవరూ కొట్టలేదు. స్కూలు వదిలి అప్పటికే అరగంటయింది. అతను ఆ మాట అనలేదు. "అవును, కొట్టారు," అని గొడుగు తెరిచి మెట్లు దిగిపోయాడు.

*

శనివారం బెంచీలన్నీ గోడవైపుకి జరిపారు. టీచరు బల్లకి ఎవరో ఇంట్లోంచి తెచ్చిన దుప్పటి పరిచారు. డస్టరే సుత్తి.

"జడ్జిగారికి కోటు లేదే," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"కోటు లేకుండానే తీర్పు చెప్పొచ్చు. మొదలుపెట్టండి," అంది ఆమె.

లాండ్రీ అతను తెల్లచొక్కాలో వచ్చాడు. ఆ చొక్కా మీద ముడత అనేది ఎక్కడా లేదు. బోనుగా పెట్టిన రెండు కుర్చీల మధ్య బుద్ధిగా నిలబడ్డాడు.

"అంకుల్, మీరు నిజమే చెప్తానని ప్రమాణం చెయ్యండి," అంది అబ్జెక్షన్.

"చేస్తాను. కానీ అంకుల్ ఏంటమ్మా? అన్నా అనొచ్చుగా. నాకింకా పెళ్లే కాలేదు."

"అబ్జెక్షన్! ముద్దాయి పెళ్లికీ ఈ కేసుకీ సంబంధం లేదు!"

"ముందు ముందు ఉండొచ్చు, మై లార్డ్," అన్నాడు వాయిదా, తన కక్షిదారుకి సాయం చేస్తున్నాననుకుని. క్లాసు ఘొల్లుమంది. డస్టరు బల్లమీద పడి సుద్దపొడి లేచింది. జడ్జిగారు దగ్గుతో ముఖం దాచుకున్నారు.

"మీ బోర్డు పెట్టకముందే బట్టలు ఇచ్చినవాళ్లకి ఆ షరతు చెప్పారా?" అడిగింది అబ్జెక్షన్.

"లేదు."

"మరి వాళ్ల బట్టలకి బాధ్యత లేదని ఎలా రాస్తారు?"

"భయపెడితే వస్తారని రాశాను."

"అంటే ఎవరూ రాకపోయినా మీరు ఆ బట్టలు పారెయ్యరా?"

"పారెయ్యను."

"నమ్మమంటారా? ఎప్పటివో బట్టలు. ఎలకలు కొట్టి, బూజు పట్టి ఉంటాయి. వాటిని సొంత బట్టల్లా చూసుకున్నారని రుజువేంటి?"

"రుజువు ఉంది, మై లార్డ్!" వాయిదా గుండె విరుచుకుని లేచాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఒక పని చెప్పిన రోజునే చెయ్యడం ఇదే మొదటిసారి. "పొద్దున్నే రిక్షా మాట్లాడి షాపులోంచి మొత్తం తీసుకొచ్చేశా. తీసుకెళ్లని బట్టలన్నీ!"

ఇద్దరు పిల్లలు చక్రాల స్టాండు ఒకటి లోపలికి తోసుకొచ్చారు. మీద ప్లాస్టిక్ షీటు.

"మొత్తం అంటే?" లాండ్రీ అతను బోనులోంచి ఒక అడుగు బయటికి వేశాడు. "ఒరేయ్, లోపలి గదిలో విడిగా పెట్టింది కూడానా? అది ముట్టుకోవద్దని చెప్పా కదరా!"

"ముట్టుకోవద్దన్నారంటే అదే ముఖ్యమైన సాక్ష్యం అయ్యుంటుందని..." వాయిదా గొంతు సన్నబడింది.

అబ్జెక్షన్ అప్పటికే షీటు తీసేసింది. చొక్కాలు, ఒక పట్టుచీర, పిల్లల ఫ్రాకు, పెళ్లినాటి సూటు. అన్నీ నిన్ననే ఉతికి ఇస్త్రీ చేసినట్టున్నాయి. ఆ అమ్మాయి ఒక్కొక్కటే వాసన చూసింది. పట్టుచీర మడతలు విప్పి చూసింది. తప్పు దొరకడం లేదు. వరస చివరికి వచ్చింది.

"ఈ నల్లకోటు ఎప్పటిది?"

"నిరుటి ముందటి వానాకాలంది," అన్నాడతను.

"దీన్ని ఒక్కసారే ఇస్త్రీ చేసి ఊరుకున్నారా?"

"నెలకోసారి ఎండలో ఆరేసి, మళ్లీ ఇస్త్రీ చేస్తాను."

"ఎవరూ అడగని కోటుకి నెలకోసారా? ఎందుకు?"

"తీసుకెళ్లడానికి వచ్చిన రోజున మూసిపెట్టిన వాసన రాకూడదని."

"ఎవరిదిది?"

అతను వెనక్కి వెళ్లి మళ్లీ బోనులో నిలబడ్డాడు.

"అబ్జెక్షన్! ముద్దాయి జవాబు దాస్తున్నారు. ఎవరిదో చెప్పమని ఆదేశించండి, మేడమ్."

"చెప్పను," అన్నాడతను. గొంతు పెంచకుండానే అన్నాడు. "శిక్ష వెయ్యండి, పర్లేదు. యజమానికి చెప్పాలనిపిస్తే వాళ్లే చెప్తారు. నాది కాపాడే పని వరకే."

పిల్లలందరూ జడ్జి వైపు తిరిగారు. ఆమె కోటునే చూస్తోంది. ఎడమ జేబు మూల దగ్గర చిన్న సిరా మరక ఉండేది. అది కూడా అలాగే ఉంది. ఉతికితే పోదని అన్నయ్యే అనేవాడు. దాన్ని పోగొట్టడానికి ఎవరూ పట్టుబట్టి రుద్దలేదు. అందుకు ఎందుకో ఆమెకి ప్రాణం లేచివచ్చినట్టయింది.

"అది మా అన్నయ్యది," అంది.

అబ్జెక్షన్ నోట్లోంచి, జీవితంలో మొదటిసారి, ఏ మాటా రాలేదు.

"తీర్పు రాసుకోండి," అంది ఆమె. పాఠం చెప్పే గొంతే అది. "ముద్దాయి పెట్టిన బోర్డు చెల్లదు. షరతు ముందుగా చెప్పలేదు కాబట్టి. అయితే, వస్తువుల్ని కాపాడటంలో ముద్దాయి లోపం ఏమీ లేదు. చట్టం అడిగినదానికంటే ఎక్కువే చేశారు. తప్పు ఇంకోవైపు కూడా ఉంది. వస్తువు ఇచ్చినవాళ్లు వచ్చి తీసుకెళ్లాలి. ఇంకొకరి భుజాల మీద దాన్ని అలా వదిలేసి ఊరుకోకూడదు. కోటు యజమాని దాన్ని ఈరోజే తీసుకెళ్లాలని ఈ కోర్టు ఆదేశిస్తోంది."

డస్టరు మెల్లగా బల్లమీద పెట్టింది. చప్పుడు చెయ్యలేదు.

*

స్కూలు గేటు దాటేసరికి సన్నగా వాన మొదలైంది. ఆమె కోటుని చేతిమీద వేసుకుంది. అతను పక్కన గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు.

"మీరు తడుస్తున్నారు," అన్నాడు.

"గొడుగు కోటు మీద పట్టండి. నేను తడిస్తే ఆరతాను."

అతను అలాగే పట్టాడు. కోటు పొడిగా, ఇద్దరు మనుషులు తడుస్తూ వంతెన దాకా నడిచారు.

"చార్జీ ఎంత ఇవ్వాలి?" అడిగింది.

"మీ అన్నయ్య ముందే ఇచ్చేశారు."

"నిజం చెప్పండి."

"నిజమే. నాతో కబుర్లు చెప్తూ ఇచ్చేశారు. రోజూ స్కూలు నుంచి వెళ్తూ ఆగేవారు కదా. మీ గురించే చెప్పేవారు ఎక్కువ."

"ఏమని?"

"మా చెల్లెలు నాకంటే బాగా పాఠం చెప్తుంది, కాకపోతే నవ్వించడం రాదు, అని."

ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. ముఖం మీద వాన నీళ్లే అనుకోవాలి ఎవరైనా. అతను అలాగే అనుకున్నట్టు, ఎదురుగా వంతెన మీద పోతున్న బస్సుని చూస్తూ నిలబడ్డాడు.

"ఇన్నాళ్లూ కబురెందుకు పంపలేదు? కోటు ఇక్కడుంది, తీసుకెళ్లండి అని?"

"భయం."

"దేనికి?"

"కోటు తీసుకెళ్లిపోతే మీరిక మా వీధికి రారని."

"నేనసలు రానే లేదు కదా!"

"అదే మరి. నాకెప్పుడూ లెక్క సరిగ్గా రాదు," అన్నాడతను. ఈసారి ఆమెకి నవ్వొచ్చింది. చాలాకాలం వాడని తలుపులా కాస్త కిరకిరలాడుతూ వచ్చింది. విని అతనే ఆశ్చర్యపోయి నిలబడిపోయాడు.

"ఆ రోజు స్కూలుకి గొడవ పడటానికి వచ్చారు కదా?"

"కాగితం చింపి పారేస్తే సరిపోయేది మేడమ్. ఎలాగూ వెళ్లిపోతున్నాను, ఒక్కసారి మీతో మాట్లాడటానికి కారణం దొరికింది కదా అని వచ్చాను. వచ్చేదారిలో కోపం తెచ్చుకోవడానికి చాలా కష్టపడ్డాను."

"షాపు తప్పకుండా మూసెయ్యాల్సిందేనా?"

"బిల్డింగ్ ఓనరు ఉంటే ఉండు, పోతే పో అంటున్నాడు. నాన్న మా అక్క దగ్గరికి వెళ్లిపోయారు. ఇస్త్రీపెట్టె తప్ప షాపులో నాతో మాట్లాడేవాళ్లు లేరు. అది కూడా ఉస్సుమనడం తప్ప ఏమీ అనదు. ఉండమని చెప్పేవాళ్లు ఎవరున్నారు?"

మాట వాన్లో వేలాడింది. ఆమె కోటుని ఒక చేతి మీంచి ఇంకో చేతి మీదికి మార్చుకుంది. అతను గొడుగు ఆమె చేతిలో పెట్టేశాడు.

"కోటు తడవనివ్వకండి," అని చెప్పి వీధిలోకి తిరిగిపోయాడు.

*

అమ్మ ముందుగదిలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. కోటు చూసి చేతులు ఆపేసింది. చెంగుకి చేతులు తుడుచుకుని, దగ్గరికి వచ్చి, కోటుని కుర్చీ వీపుకి తొడిగింది, మనిషి కూర్చున్నట్టుగా.

ఇద్దరూ చాలాసేపు దాని ఎదురుగా కూర్చున్నారు. ఏడవాల్సినదంతా ఇదివరకే ఏడ్చారు. ఇప్పుడు మిగిలింది అలసటే.

"ఎవరు చేశారే ఈ ఇస్త్రీ?" అంది అమ్మ చివరికి.

"లాండ్రీ ఆయన కొడుకు."

అమ్మ కాలరు తిప్పి చూసింది. చేతుల మడత మీద వేలుతో రాసింది. "ఒక్కసారి చేసింది కాదిది. మడత చూడు, ఎన్నిసార్లు ఒకే చోట పడితే ఇంత తిన్నగా నిలబడుతుంది? పని పెట్టుకుని చేశాడు."

"నెలకోసారి చేశాడట."

అమ్మ కూతురి ముఖం వైపు చూసింది. చిక్కుళ్ల పళ్లెం మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. రెండు కాయలు ఒలిచింది.

"ఒకసారి వేసుకో చిన్నీ."

"నేనా?"

"మీ అన్నయ్య పాఠం నువ్వు చెప్తున్నావు. వాడి కోర్టు నువ్వు పెట్టావు. కోటు నువ్వు వేసుకోకపోతే ఎవరు వేసుకుంటారు?"

వేసుకుంది. భుజాలు అరచెయ్యంత కిందికి జారిపోయాయి. చేతులు వేళ్లని మింగేశాయి. అమ్మ లేచి చుట్టూ ఒకసారి తిరిగింది. ఆ కోటులో కొడుకుని చూస్తోందో, కూతుర్ని చూస్తోందో ఆమెకి తెలియలేదు.

"వదులు," అంది అమ్మ. "తగ్గించాలి. ఆ అబ్బాయికే ఇయ్యి. ఇంత జాగ్రత్త మనిషి ఇంకెక్కడ దొరుకుతాడు మనకి?"

"అతను ఊరు వదిలి వెళ్లిపోతున్నాడమ్మా."

"బట్టలు చేతిలో ఉండగా ఎలా వెళ్తాడు? నీ చట్టం ఒప్పుకుంటుందా?" అని చిక్కుళ్లు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

*

నీలం తలుపులు సగం మూసి ఉన్నాయి. లోపల అరలన్నీ ఖాళీ. తీర్పు సంగతి ఊరంతా పాకి, ఎవరి బట్టలు వాళ్లు సిగ్గుపడి తీసుకెళ్లిపోయారు. చక్రాల స్టాండు మీద ఒట్టి హ్యాంగర్లు గాలికి టిక్కుటిక్కుమంటున్నాయి. బోర్డు గోడ నుంచి దించి నేలమీద పెట్టాడు. మూలనున్న చిన్న కుట్టుమిషన్ని గోనెసంచిలో చుడుతున్న అతను, అలికిడికి తలెత్తాడు.

ఆమె వీధి మొదలు నుంచి ఎక్కడా ఆగకుండా నడిచొచ్చింది. మలుపు దగ్గర కాళ్లు అలవాటుగా బరువెక్కాయి. అయినా ఆగలేదు.

"గొడుగు ఇవ్వడానికి వచ్చారా?" అన్నాడు.

"అదీ ఉంది." గొడుగు బల్లకి ఆనించి, నల్లకోటు బల్లమీద పరిచింది. "ఇది నాకు వదులైంది. భుజాలు తగ్గించాలి. చేతులు కూడా. వచ్చే ఏడాది కోర్టుకి కావాలి."

అతను కోటు వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. చేతిలో గోనెసంచి అలాగే ఉంది.

"మేడమ్, నాకు గుండీలు కుట్టడం వచ్చు. చిరుగులు కుట్టడం వచ్చు. భుజాలు తగ్గించడం పెద్ద టైలర్ల పని. నేను చేస్తే చాలా కాలం పడుతుంది."

"ఎంత?"

"నేర్చుకుని చెయ్యాలి కదా. చెప్పలేను."

"పర్లేదు. సహేతుకమైన కాలం ఆగుతాను."

"అంటే ఎంత?"

"సందర్భాన్ని బట్టి," అంది ఆమె. తర్వాత మాట కోసం ఆగాల్సి వచ్చింది. పాఠంలో ఉన్న మాటలు అక్కడితో అయిపోయాయి, మిగతాది సొంతంగా చెప్పాలి. "మధ్యమధ్యలో వచ్చి చూస్తుంటాను, పని ఎంతవరకు వచ్చిందో. స్కూలు నుంచి ఇంటికి ఇదే దగ్గరిదారి. రోజూ ఇటే వెళ్తాను ఇకనుంచి."

"రోజూ?"

"ఆదివారం మా అమ్మ మిమ్మల్నే ఇంటికి రమ్మంది. కోటు విప్పడానికి ముందు నా కొలతలు తీసుకోవాలట."

"మీ అమ్మగారు అన్నారా?"

"కొలతల సంగతి అమ్మ అంది." ఆమె కిందికి చూసింది. బల్ల చెక్క మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చలు ఎన్నో ఉన్నాయి. "ఉండమని చెప్పేవాళ్లు ఎవరున్నారని అడిగారు కదా మీరు. అది నేను అంటున్నాను."

బయట మళ్లీ వాన పడుతోంది. చూరు కింద ఇద్దరు స్కూలు పిల్లలు తలదాచుకున్నట్టు నిలబడి ఉన్నారు. ఒకరి జడా, ఇంకొకరి చెవీ తలుపు సందులోంచి కనిపిస్తున్నాయి. లోపలున్న ఇద్దరూ చూశారు. ఎవరూ వాళ్లని పొమ్మనలేదు.

అతను గోనెసంచి విప్పి, కుట్టుమిషన్ని తీసి పాత చోటే, కిటికీ పక్కన పెట్టాడు. చేతులు లుంగీకి కాదు, ఉతికిన తువ్వాలుకి తుడుచుకున్నాడు. కోటు భుజాలు పట్టి మెల్లగా ఎత్తి, లోపలి గదిలోకి తీసుకెళ్లి, ఎప్పుడూ అది ఉండే కొక్కేనికే తగిలించాడు.

"తీసుకున్నాను," అన్నాడు తిరిగొచ్చి. "షరతులేమైనా ఉంటే ఇప్పుడే చెప్పాలి మేడమ్. తర్వాత చెప్తే చెల్లవు."

ఆమె లోపలి గదిలో కొక్కేనికున్న కోటు వైపు చూసింది. చాలాకాలంగా మోస్తున్నదేదో దించిన చేతులకి ఇంకా నొప్పిగానే ఉంది.

"ఒకటే," అంది. "సిరా మరక అలాగే ఉండాలి."

"అలాగే ఉంటుంది," అన్నాడతను.